ఓడ జాబితాలో పేరుంది, ఇంటిపేరు లేదు: విదేశీ తెలుగువారి ‘మా ఊరేది?’ ప్రశ్నలోని చిక్కుముడి

“మా ముత్తాతగారి నాన్న మద్రాసు నుంచి ఓడెక్కి దక్షిణాఫ్రికా వచ్చారు. మా ఇంటిపేరు నాయుడు. ఆయన సొంత ఊరు కనుక్కోవడానికి ఎవరైనా సాయం చేయగలరా?”

పూర్వీకుల గురించి వెతుక్కునేవాళ్ళు చేరే ఏ ఆన్‌లైన్ గ్రూపులో చూసినా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో కనబడుతుంది. డర్బన్ నుంచి ఒకరు, మారిషస్ నుంచి ఒకరు, ఫిజీలో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడినవారు ఇంకొకరు. కింద వచ్చే జవాబులు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. ‘మాదీ ఇదే పరిస్థితి’, ‘ఆల్ ది బెస్ట్’, ‘విశాఖపట్నం వైపు వెతకండి’. అడిగినవాళ్ళకి ఆత్రం, చదివినవాళ్ళకి జాలి. ఊరు మాత్రం దొరకదు.

ఒకప్పుడు ఇది మనసుకు సంబంధించిన సంగతి మాత్రమే. ఇప్పుడు కాగితాల సంగతి కూడా అయింది. భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డును మారిషస్‌లోని ఏడో తరం వారికీ ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడికి వెళ్ళినప్పుడు ప్రకటించారు. 2025 జులైలో ట్రినిడాడ్‌లో ఆరో తరం వారికి అలాంటి మాటే ప్రధాని నరేంద్ర మోదీ ఇచ్చారు. దాంతో ‘మనవాడు ఎప్పుడు వచ్చాడు, ఎక్కడి నుంచి వచ్చాడు’ అన్నది చాలా ఇళ్ళలో మళ్ళీ చర్చకొచ్చింది.

ఈ ప్రశ్నకి జవాబు సగం సముద్రానికి అవతల ఉంది, సగం ఇవతల ఉంది. అవతల కాగితం ఉంది, ఇవతల జ్ఞాపకం ఉంది. రెండింటినీ కలిపే కొక్కెం ఇంటిపేరు. అదే పోయింది. అది ఎలా పోయిందో తెలిస్తేనే ఎవరిని ఏమడిగితే జవాబు వస్తుందో అర్థమవుతుంది.

గిర్మిట్: ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది. చెరకు తోటల యజమానులకి కూలీల కొరత వచ్చి పడింది. మన దేశం నుంచి ఒప్పందం మీద, మామూలుగా ఐదేళ్ళ గడువుతో, కూలీలను తీసుకెళ్ళడం మొదలైంది. ‘అగ్రిమెంట్’ అన్న మాట జనం నోట్లో నలిగి ‘గిర్మిట్’ అయింది. అలా వెళ్ళినవారు గిర్మిటియాలు.

1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ 36 మందితో మారిషస్ చేరింది. తర్వాతి ఎనభై ఏళ్ళలో ఆ ఒక్క ద్వీపానికే దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారు. నటాల్‌కి, అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌కి, మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆపేసేలోపు అక్కడికి ఒకటిన్నర లక్షల మందికి పైగా వెళ్ళారు. వాళ్ళలో సుమారు మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారే. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా సుమారు 60 వేల మంది వెళ్ళారు. అయితే అక్కడికి మద్రాసు నుంచి ఓడలు మొదలైంది 1903లో.

ఈ చివరి తేదీ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పనికొస్తుంది. ‘మా తాతగారి తాత 1885లో ఫిజీ వచ్చిన తెలుగువాడు’ అని ఒక ఇంట్లో చెప్పుకుంటున్నారనుకోండి. ఆ ఏడాది మద్రాసు నుంచి ఫిజీకి ఓడే లేదు. కాబట్టి ఏడాది తప్పయినా అయి ఉండాలి, లేదా ఆయన కలకత్తా వెళ్ళి అక్కడ ఓడెక్కి అయినా ఉండాలి. ఈ రెండిట్లో ఏదో తేలకముందు ఊరు వెతకడం గాలిలో మేడలు కట్టడమే.

బర్మా, మలయా (ఇప్పటి మలేసియా ప్రాంతం) సంగతి వేరు. కాకినాడ, విశాఖ తీరాల నుంచి ‘రంగం’ వెళ్ళినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. రంగూన్‌ని మన ఉత్తరాంధ్ర ముసలివాళ్ళు ఇప్పటికీ రంగం అనే అంటారు. కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి పేరుతో, బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. కానీ ఆ ప్రయాణాల్లో ఎక్కువ భాగం గిర్మిట్ పద్ధతిలో జరగలేదు. మేస్త్రీలు, కంగాణీలు మనుషుల్ని పోగుచేసి తీసుకెళ్ళేవారు. చాలామంది కోతలకి వెళ్ళి తిరిగొచ్చేవారు. మనిషికో నంబరు, ఊరు, తండ్రి పేరు రాసి పెట్టిన జాబితా అక్కడ ఆశించలేం. నటాల్ వాళ్ళకి దొరికింది కదా అని బర్మా కుటుంబాలు అదే దారిలో వెతికితే నిరాశే మిగులుతుంది.

జాబితాలో ఒక్క వరుసను దగ్గరగా చూస్తే

నటాల్ ఓడ జాబితాలు డర్బన్‌లోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ వాటిని కంప్యూటర్‌లో వెతుక్కునేలా చేసింది. మారిషస్‌లో మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర వలస రిజిస్టర్లున్నాయి. కొంతమంది ఫోటోలు కూడా ఉన్నాయి. ఫిజీ వలస పాసులు అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

వీటిలో ఒక్కో మనిషికి ఒక్కో వరుస. మచ్చుకి నేను అల్లిన ఒక వరుస చూడండి. మనిషి కల్పితం, రూపం మాత్రం నిజం జాబితాలదే:

కలోనియల్ నంబరు ఒకటి. పేరు: అప్పడు. తండ్రి: సన్యాసి. వయసు: 22. కులం: కాపు. జిల్లా: వైజాగపటం. తాలూకా: అనకాపల్లి. ఊరు: కొట్టూర్. ఆనవాలు: ఎడమ మోకాలి కింద మచ్చ. ఓడ చేరిన సంవత్సరం: 1882.

వెతికేవాళ్ళకి ఇంతకన్నా విలువైన కాగితం ఇంకొకటి లేదు. అయినా ఇందులో ప్రతి గడిలోనూ ఒక చిక్కుంది.

ఇందులో ఇంటిపేరు అన్న గడి లేనే లేదు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది, పల్లెలో రోజువారీ పిలుపులో వినబడదు. గుమస్తా ‘నీ పేరేంటి, మీ నాన్న పేరేంటి’ అని అడిగాడు. అప్పడు రెండూ చెప్పాడు. మూడోది ఎవరూ అడగలేదు. అక్కడి పద్ధతిలో పిల్లలకి చివర ఒక పేరు తగిలించాల్సి వచ్చినప్పుడు తండ్రి పేరో తాత పేరో వంశం పేరయింది. అప్పలస్వామి మనవలందరూ ‘అప్పల్సామి’లయ్యారు. కొందరు గౌరవంగా వినిపించే ‘నాయుడు’ పెట్టుకున్నారు. అందుకే ‘మా ఇంటిపేరు నాయుడు’ అన్న వాక్యం ఇక్కడి మనిషికి ఏమీ చెప్పదు. మన దగ్గర నాయుడు ఇంటిపేరు కాదు, పేరు చివర వచ్చేది. అడిగేవాళ్ళకి ఆ తేడా తెలియదు, చదివేవాళ్ళకి వాళ్ళకి తెలియదన్న సంగతి తట్టదు. సగం సంభాషణలు ఇక్కడే తెగిపోతాయి.

ఊరి పేరు ఇంకో తలనొప్పి. ఇంగ్లీషు రాతలో ‘త’కీ ‘ట’కీ తేడా ఉండదు. కొత్తూరు, కొట్టూరు, కోటూరు మూడూ ఒకే స్పెల్లింగులో ఇమిడిపోతాయి. కొత్తూరు అయితే అనకాపల్లిని ఆనుకుని ఒకటుంది, శ్రీకాకుళం జిల్లాలో మండల కేంద్రం ఒకటుంది, హైదరాబాద్ నుంచి షాద్‌నగర్ వెళ్ళే దారిలో ఇంకొకటుంది. ఆ వరుసలో తాలూకా పేరు ఉండబట్టి మనకి దారి దొరికింది. అది చెరిగిపోయి ఉంటే ఊరి పేరున్నా లేనట్టే.

జిల్లాలు మారిపోయాయి, మనుషులు అక్కడే ఉన్నారు

1882లో వైజాగపటం జిల్లా అంటే ఇప్పటి విశాఖపట్నం జిల్లా ఒక్కటే కాదు. 1950లో శ్రీకాకుళం విడిపోయింది, 1979లో విజయనగరం ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాలు కొత్తగా వచ్చాయి. గంజాం జిల్లాది మరో కథ. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆ పేరు అటు వెళ్ళింది. కానీ ఇచ్ఛాపురం, టెక్కలి వైపు ఊళ్ళు ఇటే ఉండిపోయాయి. జాబితాలో ‘గంజాం’ అని చూసి ఒడిశాలో మాత్రమే వెతికేవాళ్ళు శ్రీకాకుళం జిల్లాను వదిలేస్తున్నారు.

దక్షిణాన ‘నార్త్ ఆర్కాట్’ అన్నది అంతకన్నా మోసం చేస్తుంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు వెళ్ళిన చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు వాళ్ళందరికీ రాసింది నార్త్ ఆర్కాటే. ఆ పేరు చూడగానే ‘అయితే మనం తమిళులం’ అనుకున్న తెలుగు కుటుంబాలు ఉంటాయి. అటు నుంచి ఇటు కూడా అంతే.

పట్టణాల పాత ఇంగ్లీషు పేర్లు మనకి అలవాటే. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, కొకనాడ అంటే కాకినాడ, ఎల్లూర్ అంటే ఏలూరు. విదేశంలో పుట్టినవాళ్ళకి ఇవి తెలియవు. ఇక్కడి మనిషి రెండు నిమిషాల్లో చేయగలిగిన సాయం ఇదే. ఆ రెండు నిమిషాలు అవతలివాళ్ళకి రెండేళ్ళ వెతుకులాట తప్పిస్తాయి.

పేరే ఒక ఆనవాలు

ఊరు చెరిగిపోయినా ఒక్కోసారి పేర్లు మాట్లాడతాయి. సన్యాసి, అప్పలస్వామి, సింహాచలం, పైడమ్మ, నూకమ్మ అన్న పేర్లు వరసగా కనిపిస్తే మన చూపు ఉత్తరాంధ్ర వైపు తిరుగుతుంది. పైడితల్లి విజయనగరం తల్లి, నూకాలమ్మ అనకాపల్లి తల్లి, సింహాచలం అప్పన్న సరేసరి. మునెమ్మ, మునస్వామి, గంగమ్మ అని ఉంటే చిత్తూరు వైపు మనసు పోతుంది. డర్బన్‌లో పుట్టిన మునిమనవడికి ఇవన్నీ ఒకే రకం పాత పేర్లు. విజయనగరంలో పెరిగిన మనిషికి పైడమ్మ అన్న పేరు వినగానే సిరిమాను ఉత్సవం కళ్ళముందు కదులుతుంది.

అయితే ఇది మొగ్గు మాత్రమే, రుజువు కాదు. గోదావరి జిల్లాల్లోనూ నూకాలమ్మ గుళ్ళున్నాయి. పేరుని బట్టి ప్రాంతం ఊహించవచ్చు, ఊరు తేల్చలేం.

కులం గడి కూడా అలాంటిదే. ‘కాపు’ అని రాసి ఉంటే అది ఏ కాపు? ఉత్తరాంధ్రలో తూర్పు కాపులున్నారు, గోదావరి వైపు కాపులు వేరు, రాయలసీమలో పూర్వం రెడ్లనే కాపులనేవారు. సేద్యం చేసుకునేవాడు అన్న అర్థంలోనూ ఆ మాట వాడేవారు. కొందరు ఓడెక్కేటప్పుడు కులం మార్చి చెప్పుకున్నారు, కొందరిది గుమస్తా తనకి తోచినట్టు రాశాడు. ఇంట్లో చెప్పుకునే కథకీ జాబితాకీ పొసగకపోతే వెంటనే ఒకటి అబద్ధమని తీర్మానించడం తొందరపాటు.

మతం మారినవాళ్ళకి ఇంకో దారి ఉంది. నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే తెలుగు బాప్టిస్టు మిషనరీ 1903లో నటాల్ వెళ్ళి అక్కడి తెలుగు కూలీల మధ్య సంఘాలు కట్టారు. అలాంటి కుటుంబాలకి చర్చి రిజిస్టర్లు ఓడ జాబితాతో పోల్చి చూసుకోవడానికి రెండో ఆధారమవుతాయి.

ఇవతల ఒడ్డున ఏముంది

‘ఊరు దొరికింది కదా, పంచాయతీ ఆఫీసులో 1860 నాటి జనన రిజిస్టరు చూసి చెప్పండి’ అని అడుగుతారు. పల్లెల్లో ఆ కాలపు రిజిస్టరు దొరుకుతుందని ఆశ పెట్టుకోలేం. దేశమంతటికీ ఒకే జనన మరణ నమోదు చట్టం వచ్చిందే 1969లో.

భూమి రికార్డులు కొంత నయం, కానీ అన్నిచోట్లా కాదు. రైతువారీ ఊళ్ళలో, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే ఊళ్ళలో, బ్రిటిష్ కాలపు సెటిల్‌మెంట్ రిజిస్టర్లలో పట్టాదారుల పేర్లుంటాయి. ఇనాం భూములున్న కుటుంబాలకైతే 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేయించిన రిజిస్టర్లలో వంశక్రమం కూడా దొరకవచ్చు. కానీ విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం లాంటి జమీందారీల కింది ఊళ్ళలో ఆ సెటిల్‌మెంట్ జరగలేదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే అక్కడ ప్రభుత్వ సర్వే, ఫెయిర్ అడంగల్ (ఊరి భూముల రికార్డు) వచ్చాయి. ఓడలెక్కిన ఉత్తరాంధ్ర జనంలో చాలామందిది జమీందారీ నేలే. పైగా కూలికి పోయినవాడికి సొంత పట్టా ఉండే అవకాశం ఎంత?

అందుకే ఇక్కడ అసలు ఆధారం మనుషులు. ఊళ్ళో పెద్దవాళ్ళు, పురోహితుడు, కొన్ని కులాలకి గోత్రాలూ ఇంటిపేర్లూ అప్పజెప్పే వంశరాజులు, భట్రాజులు. వీళ్ళందరి దగ్గరా సమాచారం ఇంటిపేరు కింద అమర్చి ఉంటుంది. ‘సన్యాసి కొడుకు అప్పడు’ అంటే ఊళ్ళో పదిమంది ఉంటారు. ఇంటిపేరు చెబితే ఏ వీధో చూపిస్తారు.

ఆ ఇంటిపేరే లేనప్పుడు తలకిందులుగా వెళ్ళే పద్ధతి ఒకటుంది. ఊరి ఓటర్ల జాబితా తీసి, అందులో ఉన్న ఇంటిపేర్లన్నీ రాసుకుని, కులాన్ని బట్టి వడపోస్తారు. నూట యాభై ఇంటిపేర్లు పదిహేనుకో ఇరవైకో దిగుతాయి. ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ అడుగుతారు. ఊళ్ళో తెలిసినవాళ్ళుంటేనే అయ్యే పని. అప్పుడు కూడా ఒక ఆదివారం మొత్తం పడుతుంది. అడిగేవాళ్ళు సాయం అన్న చిన్న మాటలో ఎంత కోరుతున్నారో ఇక్కడ తెలుస్తుంది.

అదే మనిషి, రెండు రకాల ప్రశ్న

మన అప్పడి మునిమనవడి మనవరాలు సాయం అడిగిందనుకుందాం. మొదటిసారి: “మా పూర్వీకుడు అప్పడు వైజాగ్ దగ్గర నుంచి వచ్చాడు. మా ఊరు, బంధువుల వివరాలు తెలిస్తే చెప్పగలరు.” చదివినవాళ్ళు పట్టుకోవడానికి ఇందులో కొస లేదు.

రెండోసారి: “1882లో నటాల్ చేరిన ఓడ జాబితాలో ఈ వరుస ఉంది, ఫోటో పెడుతున్నాను. తాలూకా అనకాపల్లి అని స్పష్టంగా ఉంది. ఊరి పేరు కొట్టూర్ అని చదివాను. అది కొత్తూరు కావచ్చా? ఇదే ఓడలో ముందు వెనక నంబర్లలో అదే తాలూకా వాళ్ళు నలుగురున్నారు, వాళ్ళ వరుసలూ పెడుతున్నాను. ఫలానా డేటాబేస్, ఫలానా చర్చి రిజిస్టరు చూశాను, దొరకలేదు. అనకాపల్లి వైపు ఊళ్ళు తెలిసినవారు ఊరి పేరు వరకు సరిచూస్తే చాలు.”

రెండో దానికి జవాబు వస్తుంది. కారణం మర్యాద ఎక్కువై కాదు, అడిగింది చిన్నదవడం వల్ల. ‘ఊరి పేరు వరకు’ అన్న మాట చదివిన మనిషికి ‘ఇది నాకు తెలుసు’ అనిపిస్తుంది. కాగితం ఫోటో ఉంది కాబట్టి టైపు చేసినవాళ్ళ తప్పు తన తప్పవదు. ఇంతకుముందు ఏం చూశారో ఉంది కాబట్టి చేసిన పనే మళ్ళీ చేయక్కర్లేదు.

పక్క నంబర్ల సంగతి కొంచెం ఆగి చెప్పాలి. ఒకే ఊరివాళ్ళు కలిసి, ఓడెక్కేముందు కూలీలను ఉంచే డిపోకి వెళ్ళేవారు, ఒకేసారి నమోదయ్యేవారు. మన అప్పడి ఊరు చెరిగిపోయినా, పక్క నంబరు మనిషి ఊరు స్పష్టంగా ఉండవచ్చు. ఆ పక్కమనిషి వారసులు కూడా అవతలే ఎక్కడో ఇదే ప్రశ్న వేస్తూ ఉండవచ్చు. ఈ రెండు కుటుంబాలు ఒకరినొకరు కనుక్కోవడం, నా ఉద్దేశంలో, ఆన్‌లైన్‌లో అడగడం వల్ల వచ్చే అన్నిటికన్నా పెద్ద లాభం.

వరస కడితే ఎక్కడ తేలుతుంది

అప్పడు 1882లో 22 ఏళ్ళవాడు, అంటే 1860 ప్రాంతంలో పుట్టాడు. ఊళ్ళో ఉండిపోయిన అన్న ఒకడున్నాడనుకుందాం. తరానికి ఇరవై ఎనిమిదేళ్ళ లెక్కన ఆ అన్న కొడుకు 1888 ప్రాంతంలో, మనవడు 1916లో, మునిమనవడు 1944లో పుట్టి ఉంటారు. ఈ మునిమనవడికి ఇప్పుడు ఎనభై దాటాయి. అప్పడు ఆయనకి ముత్తాత తమ్ముడు. చిన్నప్పుడు నాయనమ్మ ఒళ్ళో విన్న మాటకి ఇది అందే దూరమే. ‘మా ముత్తాత తమ్ముడొకడు ఓడెక్కి ఎల్లిపోనాడని మా నాయనమ్మ సెప్పీది బాబూ’ అని చెప్పగలిగే చివరి తరం ఇదే. ఆయన కొడుకుని అడిగితే ఆ మాట ఉండదు.

అవతల అప్పడి పిల్లలు 1888, మనవలు 1914, మునిమనవలు 1938 ప్రాంతం. సాయం అడుగుతున్న అమ్మాయి 1985లో పుట్టింది. ఆమె తాతకీ ఇక్కడి పెద్దాయనకీ అన్నదమ్ముల వరస. ఆయన ఆమెకి తాత అవుతాడు. ఈ వరస కాగితం మీద వేసి చూపిస్తే ఊళ్ళో పెద్దాయనకి విషయం ఒక్కసారిగా వెలుగుతుంది. ‘ఐదు తరాల కిందటి పూర్వీకుడి సోదరుడి వారసులు’ అంటే ఎవరికీ ఎక్కదు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఐదు తరాలు వెనక్కి వెళితే ఒక్కొక్కరికి 32 మంది పూర్వీకులుంటారు. వాళ్ళలో అప్పడు ఒక్కడు. మిగిలిన 31 మందిలో కొందరు తమిళులు కావచ్చు, కొందరు గంజాం వాళ్ళు కావచ్చు. ‘మా ఊరేది’ అన్న ప్రశ్నకి నిజమైన జవాబు ఒక ఊరు కాదు, చాలా ఊళ్ళు. ఇంటిపేరు మగవాళ్ళ వెంటే నడుస్తుంది కాబట్టి అందరూ ఆ ఒక్క దారినే వెతుకుతారు. భర్తతో కాకుండా ఒంటరిగా ఓడెక్కిన ఆడవాళ్ళ వరుసలు జాబితాల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్ళ ఊళ్ళు అడిగేవాళ్ళు తక్కువ. ఇది నన్ను బాధపెట్టే విషయం.

అంతా చెప్పి అడగడమా, ఒకటి దాచి అడగడమా

అనుభవమున్న పరిశోధకుల్లో కూడా దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి.

ఉన్నదంతా బయటపెట్టాలనేది ఒక వాదం. ఏ చిన్న వివరం ఎవరికి తగులుతుందో ముందే తెలియదు. మచ్చ గురించో, అన్న పేరు గురించో దాచుకుంటే, అది చదివి గుర్తుపట్టగల ఒక్క మనిషీ ముందుకు రాకుండా పోవచ్చు. పైగా సాయం అడుగుతూ దాచుకోవడం ఎదుటివాళ్ళని అనుమానించినట్టే అంటారు.

ఒక వివరం చేతిలో ఉంచుకోవాలనేది రెండో వాదం. విదేశం నుంచి బంధువులు వస్తున్నారంటే ఊళ్ళో ఉత్సాహం పుడుతుంది. ‘అవును, మావాడే’ అనడం మోసం కానక్కర్లేదు, చాలాసార్లు ప్రేమే. కానీ అడిగినవాళ్ళు చెప్పిన వివరాలే జవాబులో తిరిగి వస్తే అది రుజువు కాదు. అప్పడి అన్న పేరు నటాల్ ఇంట్లో తెలుసనుకోండి. అది బయట చెప్పకుండా ఉంచి, ఊళ్ళో పెద్దాయన తనంతట తాను ఆ పేరు చెబితే ఆ జవాబుకి వచ్చే బరువే వేరు. డబ్బు తీసుకుని వెతికిపెట్టేవాళ్ళు మధ్యలో ఉన్నప్పుడు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. నిజాయితీగా పనిచేసేవాళ్ళూ ఉన్నారు. ఏదో ఒక ఊరు చూపిస్తే డబ్బులొస్తాయన్న తొందరలో ఉండేవాళ్ళూ ఉంటారు.

నాకు రెండోదే సబబనిపిస్తుంది, కానీ ఒక్క వివరం వరకే. మిగతాదంతా బల్ల మీద ఉండాలి. కులం విషయంలో మాత్రం తేల్చి చెప్పడం కష్టం. అది చెప్పకపోతే ఊళ్ళో ఇంటిపేర్లు వడపోయడం దాదాపు అసాధ్యం. బహిరంగంగా రాస్తే, ఆ పేరుతో అవమానాలు పడ్డ కుటుంబాలకి అది పాత గాయం. అవతల మూడు తరాలుగా ఆ మాట ఎత్తని ఇళ్ళున్నాయి. ఇవతల ఆ ఒక్క మాటతో సాయం ఆగిపోయే సందర్భాలూ ఉన్నాయి. అందుకే చాలామంది దాన్ని బయట రాయకుండా, ముందుకొచ్చిన మనిషికి విడిగా చెబుతున్నారు.

బతికున్నవాళ్ళ వివరాలు ఇంకో సరిహద్దు. ఓటర్ల జాబితాలో పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి. దాన్ని చూసి ఊరి ఇంటిపేర్లు రాసుకోవడం ఒకటి, ఒక కుటుంబం వివరాలు మొత్తం తీసి అందరూ చూసే చోట పెట్టడం ఇంకొకటి. ఎనభై ఏళ్ళ పెద్దాయన మాట రికార్డు చేసి పెట్టేముందు ఆయనకి అది ఎవరెవరు వింటారో అర్థమై ఉండాలి.

డీఎన్ఏ ఏం తేలుస్తుంది, ఏం తేల్చదు

జాబితా ఆగిపోయిన చోట డీఎన్ఏ పరీక్ష పేరు వినబడుతుంది. అప్పడి మునిమనవడూ ఊళ్ళో పెద్దాయనా సగటున 0.78 శాతం డీఎన్ఏ పంచుకుంటారు. ఇంకో రెండు తరాలు కిందికి, 1985లో పుట్టిన అమ్మాయికి వచ్చేసరికి అది 0.2 శాతానికి పడిపోతుంది. ఒక్కోసారి సున్నా కూడా కావచ్చు. అంటే పరీక్ష ఆమె చేయించుకోవడం కన్నా ఆమె తాత చేయించుకుంటే ఎక్కువ ఉపయోగం.

మన మేనరికాలు ఈ లెక్కని చెడగొడతాయి. తరాలుగా మేనమామ కూతుళ్ళని, మేనత్త కొడుకుల్ని చేసుకున్న కుటుంబాల్లో ఇద్దరు మనుషులు నాలుగైదు దారుల్లో చుట్టాలవుతారు. పరీక్షలో వచ్చే పోలిక అసలు చుట్టరికం కన్నా దగ్గరగా కనిపిస్తుంది. ఇక ఊళ్ళో ఎవరూ పరీక్ష చేయించుకోకపోతే పోల్చడానికే ఎవరూ ఉండరు.

అప్పడి కాగితం ఇప్పుడెలా ఉంటుంది

పద్ధతిగా వెతికేవాళ్ళు ప్రతి మాట పక్కన అది ఎక్కడిదో రాసుకుంటారు. మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది. 1882, అనకాపల్లి తాలూకా: పత్రం. ఊరు కొత్తూరు: పత్రం, కానీ చదవడంలో సందేహం, స్థానికుడొకరు సమర్థించారు. ఇంటిపేరు: పెద్దాయన నోటిమాట. ఓడెక్కిన తమ్ముడున్నాడన్నది: నోటిమాట. ఆ తమ్ముడి పేరు అప్పడు: ఆయన చెప్పలేదు, మనం అందించాం, కాబట్టి లెక్కలోకి రాదు. అన్న పేరు: అడగకుండానే ఆయన చెప్పారు, నటాల్ ఇంట్లో ఉన్న పేరుతో సరిపోయింది. పక్క నంబర్ల నలుగురిలో ఇద్దరి ఊరు కూడా ఇదే, వాళ్ళ వారసులు ఇంకా దొరకలేదు.